ఆడపిల్ల ప్యాంటుకీ ఓ జేబు

మన అమ్మమ్మలు డబ్బులు రొంటిన దోపుకునేవారు, లేదా కొంగున ముడేసుకునేవారు. ఇక్కడ హౌగాంగ్‌లో పెరిగే మన ఆడపిల్లలకి కొంగు లేదు, వేసుకునే ప్యాంట్లలో చాలావాటికి జేబూ ఉండదు. హౌగాంగ్ ఎమ్మార్టీ స్టేషన్ 2003లో తెరిచారు. ఒంటరిగా రైలెక్కే పిల్ల, చేతిలోని కార్డు ఎక్కడో పెట్టి మరిచిపోతే ఇంటికి చేరడమే కష్టం. అందుకని ఈవేళ జేబు కుట్టడం గురించి చెప్పుకుందాం.

పక్కన నిలువుకుట్టు ఉన్న ప్యాంటు తీసుకోండి. జేబుకి పాత నూలుగుడ్డ మంచిది. కొత్తదైతే ముందు తడిపి ఆరేయండి. పిల్ల చెయ్యి గుడ్డమీద పెట్టించి, చుట్టూ అంగుళం వదిలి, పైన నడుంపట్టీని అందేలా గీసి, రెండు ముక్కలు కత్తిరించండి.

పట్టీకి రెండంగుళాల కింద నుంచి, చెయ్యి దూరేంత మేర పక్కకుట్టు విప్పండి. ప్యాంటు మంచివైపు, గుడ్డ మంచివైపు ఎదురెదురుగా పెట్టి, ఒక ముక్కని ముందు అంచుకి, రెండోదాన్ని వెనక అంచుకి కుట్టండి. రెంటినీ లోపలికి తిప్పి, ఇస్త్రీ చేసి, చుట్టూ కలిపి కుట్టండి.

జేబు ముందుగా చిరిగేది నోటి మూలల్లోనే. 1873లో అమెరికాలో జేకబ్ డేవిస్ అనే దర్జీ, లీవై స్ట్రాస్‌తో కలిసి జేబు మూలలకి రివెట్లు కొట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నది ఇందుకే. మనకి రివెట్లక్కర్లేదు. రెండు మూలల్లోనూ ముందుకీ వెనక్కీ మూడుసార్లు కుట్టండి. జేబు పైఅంచుని నడుంపట్టీకి లోపల టాకా వేస్తే, బరువు పట్టీ మోస్తుంది.

రెండో జేబు పిల్లచేతే కుట్టించండి.