పెట్టెలో వ్రాసిన లెక్క

కోనసీమలో కొబ్బరిదింపు లెక్క తెలియని యిల్లాలు అరుదు. ఎన్ని కాయలు దిగినవో, వ్యాపారి యెన్ని కొనిపోయెనో, ఎంత సొమ్ము రావలసియున్నదో ఆమె నోటనే యుండును. ఆ లెక్కను కంప్యూటరుపుటలో తానే కట్టించుకొనగోరు వారికై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

లెక్క కట్టుటకు పుట ముందుగా మనలను ప్రశ్నింపవలెను గదా! అందులకై పుటలో "ఇన్‌పుట్" అను పెట్టె నుంచి, దాని కొక గుర్తుపేరు పెట్టవలెను. ప్రక్కనే యొక మీట నుంచవలెను. మీట నొక్కినపుడు చేయవలసిన పనిని చెప్పునది జావాస్క్రిప్టు భాష. దీని తొలిరూపమును 1995లో నెట్‌స్కేపు సంస్థయందు బ్రెండన్ ఐక్ అనునాతడు పది దినములలో నిర్మించెను. ఇది గుర్తుపేరునుబట్టి పెట్టెను వెదకి, దాని "వాల్యూ"ను, అనగా మనమందు వ్రాసినదానిని, తెచ్చి యిచ్చును.

ఇచ్చటనే చిక్కు కలదు. పెరటిచెట్ల కాయలు 250, చేనిగట్టు చెట్ల కాయలు 120 అని రెండు పెట్టెలలో వ్రాసి కూడుమన్నచో 370 రాదు, 250120 వచ్చును! ఏలయన, పెట్టెనుండి వచ్చునది సంఖ్య కాదు, అక్షరముల వరుస. అక్షరములకు కూడిక యనగా ఒకదాని ప్రక్క నొకటి చేర్చుటయే. కావున "నంబర్" అను ప్రయోగముచే వానిని సంఖ్యలుగా మార్చి, పిమ్మట కూడవలెను.

మఱి రెండు జాగ్రత్తలు కలవు. మన పెద్దలవలె తెలుగంకెలతో ౨౫౦ అని వ్రాసినచో ఆ ప్రయోగము దానిని సంఖ్యగా గ్రహింపదు. 1,250 అని నడుమ కామా పెట్టినను అంతే. "నాన్", అనగా సంఖ్య కాదు, అని బదులిచ్చును. అది కంటికి కనబడు తప్పు గనుక దిద్దుకొనవచ్చును. ఖాళీగా విడిచిన పెట్టెనో, సున్న యని యెంచును. ఇదియే మిక్కిలి ప్రమాదము. వ్రాయ మఱచిన దింపు అసలు దిగనే లేదన్నట్లు మొత్తము తగ్గిపోవును, ఎవరికిని తెలియదు. కాబట్టి పెట్టె ఖాళీగా నున్నదేమో ముందు పరీక్షించి, అట్లున్నచో "కాయల సంఖ్య వ్రాయుడు" అని పుటచేత అడిగింపవలెను.

నోటిలెక్క వచ్చిన యిల్లాలు 250120ని చూచి నవ్వును, రానిది నమ్మును. సొమ్ము ఇంటివారి కష్టఫలము. యంత్రము చేతికి వచ్చినదని నోటిలెక్కను విడువకుడు.