పెంట గుమ్మం ఎవరు బాగుచేయాలి?

నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం మీద ప్రసంగించాలంటే మా పాస్టర్లకు కొంచెం భయమే. ముప్పై రెండు వచనాల నిండా పేర్లే, అవీ నోరు తిరగని పేర్లు. ఎవరు ఏ గుమ్మం కట్టారు, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారు అన్న జాబితా తప్ప పైకి అందులో కథ కనిపించదు. అయినా ‘ఐక్యత’ అన్న అంశం వచ్చినప్పుడల్లా నేను ఆ అధ్యాయమే తీసేవాణ్ణి. ప్రధాన యాజకుడు గొర్రెల గుమ్మం కట్టాడనీ (3:1), కంసాలివారూ పరిమళ ద్రవ్యాలు చేసేవారూ రాళ్లు మోశారనీ (3:8), షల్లూము కూతుళ్లు కూడా తండ్రితో కలిసి పనిలోకి దిగారనీ (3:12) చెబితే సంఘం ఆసక్తిగా వినేది. పద్నాలుగో వచనం దగ్గర మాత్రం తొందరగా దాటేసేవాణ్ణి. అక్కడున్నది పెంట గుమ్మం. పట్టణంలోని చెత్తా చెదారమంతా బయటికి వెళ్లే దారి. ఆదివారం ఉదయం, తెల్లటి బట్టలతో కూర్చున్నవారి ముందు దాని గురించి చెప్పడానికి ఏముంటుంది అనుకునేవాణ్ణి.

ఏముంటుందో 2022 జులైలో తెలిసింది.

గోదావరి జిల్లాలో మాదొక చిన్న పట్టణం. మా చర్చి ఉన్న వీధి పొడవు ఆరు వందల అడుగులు, ఇళ్లు నలభై ఒకటి. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు కలిసి ఉండే వీధి. వీధికి ఒక పక్కన కాలువ, దిగువ చివర మా మందిరం, మలుపు దాటితే ఊరి పెద్ద మురుగు కాలువ. ఎండాకాలంలో కూడా ఆ వీధి కాలువలో నీళ్లు కదలవు. వాన పడితే అవి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి దిగువ ఇళ్లలోకి వచ్చేవి. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోవడంతో పాత ఇళ్ల గడపలు రోడ్డుకంటే కిందికి పోయాయి. మా మందిర ఆవరణ కూడా అంతే. ఆ జులైలో ఒక బుధవారం రాత్రి స్త్రీల కూడికకు వస్తూ, నీళ్ల కింద కాలువ ఎక్కడుందో కనబడక, డెబ్బై ఏళ్ల ఒక అవ్వ అందులో పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆమె మళ్లీ కర్ర లేకుండా నడవలేదు.

అప్పటికే మూడు అర్జీలు పెట్టి ఉన్నాం. సంతకాలు సేకరించడంలో మా వీధిని మించినవారు లేరు. నాలుగో అర్జీ రాయడానికి కూర్చున్నప్పుడు ఒక సహోదరి లేచింది. పారిశుద్ధ్య కార్మికురాలిగా ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి. సంఘంలో ఎప్పుడూ వెనక వరుసలో కూర్చునేది. “అయ్యగారూ, కాగితాలు తర్వాత రాద్దురు గానీ, ముందు కాలవెంట ఒకసారి నాతో నడిచి రండి” అంది.

నడిచాను. ఆ నడకలో ఆమె చూపించినవి నేను పదిహేనేళ్లుగా రోజూ దాటుకుంటూ వెళ్తున్నవే. ఇంటింటికీ బండి ఎక్కించుకోవడానికి కట్టిన ర్యాంపు, దాని కింద చిన్న గొట్టం. తీయడానికి వీల్లేకుండా సిమెంటుతో మూసేసిన పలకలు. ఇల్లు కట్టినవారు వదిలేసిన ఇసుక, కంకర. అన్నిటికంటే నన్ను భయపెట్టింది మంచినీటి కుళాయి గొట్టాలు. సగం ఇళ్లకు అవి మురుగులోంచే వెళ్తున్నాయి. కుళాయి వదలని వేళ గొట్టంలో ఒత్తిడి ఉండదు. ఎక్కడ చిన్న చిల్లి ఉన్నా బయటి మురుగు లోపలికి చేరుతుంది. 2018 మార్చిలో గుంటూరులో కలుషితమైన నీటి వల్ల అతిసారం ప్రబలి పదిమందికి పైగా చనిపోయిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మురుగులో పెరిగే దోమతో వచ్చే బోదకాలు గురించి మా జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు.

వీధి మధ్యలో కిరాణా కొట్టు ఉంది. దాని ముందు ర్యాంపు అన్నిటికంటే పెద్దది. ఆ కొట్టు యజమానికీ మా సంఘ పెద్దలకూ పాత గొడవ, మైకు శబ్దం గురించి. అయినా ధైర్యం చేసి వెళ్లి, “అన్నయ్యా, మీ ర్యాంపు కొంచెం తీయిస్తే అందరికీ మేలు” అన్నాను. ఆయన కోప్పడలేదు. తూకం వేస్తున్న పప్పు పొట్లం కట్టి పక్కన పెట్టి, “ముందు మీ గుడి ముందు చూసుకోండి పాస్టరుగారూ” అన్నాడు.

మా మందిరం ముందున్న ర్యాంపు పదకొండేళ్ల క్రితం కట్టించాం. పెళ్లి కార్లు లోపలికి రావాలని. సంఘంలో ఒక పెద్దాయన తన తండ్రి జ్ఞాపకార్థం ఖర్చంతా పెట్టుకున్నాడు. నాపరాయి మీద పేరు చెక్కించాం. ప్రతిష్ఠ ప్రార్థన చేసింది నేనే. దాని కింద ఏ గొట్టం వేశారో, ఎంత ఎత్తులో వేశారో ఆ రోజు నేను అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

మా వీధి ఎగువన ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ఒక ముస్లిం పెద్దాయన ఉన్నారు. ఆయన్ని అడిగితే మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ గొట్టం పట్టుకొచ్చారు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం, దాన్నిండా నీళ్లు. రెండు చివరలా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి కాబట్టి ఏది ఎత్తో ఏది పల్లమో చెప్పేస్తుంది. దానికి కులం, మతం, సంఘ సభ్యత్వం పట్టవు. వీధి మొదలుకీ చివరకూ అడుగున్నర వాలు ఉందని తేలింది. “నీళ్లు పోవడానికి ఇది చాలు. పోనీయకుండా ఆపుతున్నదేదో చూద్దాం” అన్నారు. చూశారు. మా ర్యాంపు కింది గొట్టాల అడుగు, కాలువ అడుగుకంటే ఆరు అంగుళాలు ఎత్తున ఉంది. నాలుగు వందల అంగుళాలకు ఒక అంగుళం వాలు ఉన్నచోట ఆరు అంగుళాల అడ్డు పెడితే, వెనక రెండు వందల అడుగుల మేర నీరు నిలుస్తుందని లెక్క వేసి కాగితం మీద చూపించారు. అంటే పదమూడు ఇళ్ల ముందు. అవ్వ పడిపోయిన చోటు అందులోనే ఉంది.

ఆ ఆదివారం నేను పద్నాలుగో వచనం చదివాను. పెంట గుమ్మాన్ని బాగుచేసింది రేకాబు కుమారుడైన మల్కీయా. అతడెవరు? బేత్‌హక్కెరెము ప్రదేశానికి అధిపతి. కింది మనిషిని పంపించగలిగిన మనిషే. అయినా దాని తలుపులూ గడియలూ నిలబెట్టినవాడిగా అతని పేరే రాయబడింది. అదే అధ్యాయంలో, పనికి మెడ వంచడానికి ఒప్పుకోని తెకోవ అధికారుల సంగతీ రాయబడింది (3:5). చాలామంది తమ ఇంటికి ఎదురుగా ఉన్న గోడనే బాగుచేసుకున్నారనీ ఉంది (3:10, 23, 28-30). ఇది చదివి, మన మందిరం ఎదుట ఉన్నదేమిటో చెప్పాను. లెక్క కాగితం చూపించాను. ర్యాంపు పగలగొట్టాలన్నాను.

సంఘం రెండుగా చీలింది. “దేవుని మందిర ద్వారాన్ని పాస్టరుగారే కూలుస్తానంటే ఎలా?” అన్నారు కొందరు. “వాక్యం చెప్పేవారికి మురుగు కాలువలతో పనేంటి?” అన్నాడు మరొక పెద్ద. ఆయనకు నేను లండన్‌లో జరిగిన సంగతి చెప్పాను. 1854లో సోహో ప్రాంతంలో కలరా వచ్చి ఆరు వందల మందికి పైగా చనిపోయారు. బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లే కారణమని జాన్ స్నో అనే వైద్యుడు అన్నాడు. ఆ పేటలో సెయింట్ లూక్ చర్చిలో సహాయ గురువుగా ఉన్న హెన్రీ వైట్‌హెడ్ అనే యువకుడు ఆ మాట నమ్మలేదు. తప్పని రుజువు చేద్దామనే ఇంటింటికీ తిరిగాడు. ఆయన ఆ పేట మనిషి, రోగుల పక్కన కూర్చున్నవాడు, కాబట్టి జనం తలుపులు తీసి మాట్లాడారు. చివరికి పంపు పక్కింట్లో జబ్బుచేసిన ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు మురుగు గుంటలో పోశారనీ, ఆ గుంట బావికి కొద్ది అడుగుల దూరంలోనే ఉందనీ ఆయనే కనిపెట్టాడు. తవ్వి చూస్తే గుంట గోడ ఇటుకలు శిథిలమై మురుగు బావిలోకి ఊరుతోంది. తన అభిప్రాయం తప్పని ఒప్పుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. ఇది విని మా పెద్ద ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడని చెప్పను.

జ్ఞాపకార్థపు రాయి వేయించిన పెద్దాయన ఇంటికి నేను ఒక్కడినే వెళ్లాను. రాయిని లోపలి గోడలో పెట్టిస్తామన్నాను. ఆయన ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం నుంచి మందిరానికి రాలేదు.

ఆగస్టులో ఒక శనివారం ర్యాంపు పగలగొట్టాం. గొట్టాల్లో ఏముందో చూడ్డానికి వీధంతా చేరింది. సిమెంటు సంచులు, పాలిథిన్ కవర్లు ఉంటాయనుకున్నాం, ఉన్నాయి. వాటితోపాటు థర్మాకోల్ ప్లేట్లూ టీ కప్పులూ గంపలకొద్దీ వచ్చాయి. అవి మా క్రిస్మస్ ప్రేమ విందులవి. కొన్ని కప్పుల మీద ‘క్రిస్మస్ శుభాకాంక్షలు’ అన్న అక్షరాలు చెరగకుండా అలాగే ఉన్నాయి. కిరాణా కొట్టాయన ఒక ప్లేటు కర్రతో లేపి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టాడు. ఏదైనా అని ఉంటే బాగుండేదనిపించింది. సోమవారం పొద్దున్నే మేస్త్రీని పిలిపించి తన ర్యాంపు పగలగొట్టించాడు. ఆ వారంలో మరో పన్నెండు పోయాయి.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. పూడిక ఎవరు తీస్తారు? “కార్మికుల్ని పిలుద్దాం, మనిషికి ఇంతని ఇద్దాం” అన్నారు అందరూ. నేనూ అదే అనబోయాను. వెనక వరుస సహోదరి ముఖం చూసి ఆగిపోయాను. మురుగు గొట్టాల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో మనుషుల్ని దించి ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా చనిపోయినవారి కుటుంబాలకిచ్చే పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు ముప్పై లక్షలకు పెంచింది. ఈ పోరాటంలో ముందు నిలిచి 2016లో మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల ప్రాంతంలో, ఇదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. మా కాలువ రెండడుగుల లోతున్న తెరుపు కాలువే, దిగినవారి ప్రాణానికి ముప్పు లేదు. మరి మనమే ఎందుకు దిగకూడదు అన్నారు ఇంజనీరుగారు. మా యౌవనస్తులు, కొట్టాయన ఇద్దరు కొడుకులు, మసీదు వీధి కుర్రాళ్లు బూట్లూ చేతి తొడుగులూ వేసుకొని దిగారు. నేనూ పార పట్టాను. అరగంటకు నడుము పట్టేసింది. ఆ సహోదరి గట్టు మీద నిలబడి ఎవరు ఎక్కడ తవ్వాలో చెప్పింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆమె చెబితే మిగతావాళ్లు చేయడం అదే మొదటిసారట.

సెమినరీలో చదువుకునే రోజుల్లో కరాచీ శివారు ఒరాంగీ బస్తీ గురించి ఒక పాఠం విన్నాను. పరీక్ష రాసి మరిచిపోయాను. ఇప్పుడది అక్కరకొచ్చింది. ఐసీఎస్ ఉద్యోగం వదులుకున్న అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో అక్కడ పని మొదలుపెట్టాడు. ప్రభుత్వమే ఉచితంగా వేయాలన్న ఎదురుచూపు, డబ్బు భయం, పని తెలియకపోవడం, ఒకరినొకరు నమ్మకపోవడం అనే నాలుగు అడ్డంకులను గుర్తించాడు. ఇరవై ముప్పై ఇళ్ల సందునే ఒక జట్టుగా చేశాడు. సందులోని గొట్టం ఖర్చు, పని, పర్యవేక్షణ ఇళ్లవారివి. పెద్ద కాలువ ప్రభుత్వానిది. పటాలు, పనిముట్లు, సలహా మాత్రం సంస్థవి. కాంట్రాక్టరు లేకపోవడంతో ఖర్చు బాగా తగ్గి, క్రమంగా తొంభై వేల పైచిలుకు ఇళ్లకు మురుగు దారి ఏర్పడింది. ఆ సంస్థను ఎన్నో ఏళ్లు నడిపిన పర్వీన్ రెహమాన్‌ను 2013 మార్చిలో కాల్చి చంపారు. ఆ పనికి ఆమె చెల్లించిన వెల అది.

మేమూ అలాగే పంచుకున్నాం. ఇంటికి పన్నెండు వందలు. ఇవ్వలేని ఆరు ఇళ్లవారు టీ కాచారు, ఇసుక మోశారు. లెక్క ప్రతి సాయంత్రం కొట్టు గోడకు అంటించాం. ర్యాంపుల బదులు ఇద్దరు మనుషులు కొక్కేలతో ఎత్తగలిగే పలకలు వేశాం. ఇంటి తూముకు జాలీ పెట్టాం. కుళాయి గొట్టాలను మురుగులోంచి పైకి తెచ్చి గోడకు బిగించాం. మలుపు దగ్గర పెద్ద కాలువ పూడిక మాత్రం మా చేతిలో లేదు. దానికి ఇంజనీరుగారు గీసిన పటం పట్టుకొని అందరం కలిసి వెళ్లాం. యంత్రం వచ్చింది. మా పాత మూడు అర్జీల్లో మేం చేసిందేమిటో ఒక్క ముక్క కూడా లేదని అప్పుడు గుర్తొచ్చింది.

సెప్టెంబరులో ఒక రాత్రి పెద్ద వాన పడింది. రెండు గంటలప్పుడు టార్చిలైటు పట్టుకొని బయటికొస్తే, గొడుగుల కింద అప్పటికే ఏడెనిమిది మంది కాలువ గట్టున నిలబడి ఉన్నారు. నీళ్లు పోతున్న చప్పుడు వింటున్నారు. రెండు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి, వాటి గడప మరీ పల్లం. దానికి మా దగ్గర ఇంకా ఉపాయం లేదు. ఎగువన ఒకాయన మళ్లీ ర్యాంపు కట్టడానికి ఇటుకలు దింపితే కొట్టాయన వెళ్లి మాట్లాడి వచ్చాడు. మా ప్రేమ విందు ఇప్పుడు విస్తరాకుల్లోనే. మైకు గొడవ మాత్రం అలాగే ఉంది.

రాయి వేయించిన పెద్దాయన ఇంకా మందిరానికి రావడం లేదు. నెలకోసారి నేనే వాళ్లింటికి వెళ్తాను. కాఫీ ఇస్తారు. పిల్లల చదువులు, పొలం సంగతులు మాట్లాడుకుంటాం. ప్రార్థన చేసి వచ్చేస్తాను. ర్యాంపు మాట ఇద్దరం ఎత్తం. పోయిన నెల నేను చెప్పులు వేసుకుంటుంటే, గుమ్మం దాకా వచ్చి, “నీళ్లు బాగా పోతున్నాయా అయ్యగారూ?” అని అడిగాడు.