వరుసలో చివరి మోటారు సైకిలు

అక్టోబరు, నవంబరు నెలల్లో ఏదైనా ఒక ఆదివారం పొద్దున్నే పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వచ్చే జాతీయ రహదారిని గమనించండి. రోడ్డుకు బాగా ఎడంగా నిలబడి సుమా! వానలు వెనకపట్టి, ఎండ ఇంకా ముదరని శరదృతువు. హైదరాబాదు నుంచి మోటారు సైకిలు క్లబ్బుల వాళ్లు పదిహేను ఇరవై మంది గుంపుగా బయలుదేరి ఇస్నాపూర్, రుద్రారం, కంది దాటి జహీరాబాదు వైపు సాగిపోతుంటారు. వాటిలో బుల్లెట్లు ఎక్కువ. ఆ చప్పుడు ఎవరికైనా తెలిసిందే. మనం చూడవలసింది మాత్రం వాళ్ల వరుసను.

బాగా నడిచే క్లబ్బులో ఇద్దరు పక్కపక్కన పోరు. అలాగని ఒకరి వెనక ఒకరు ఒకే గీతమీద కూడా పోరు. మొదటివాడు కుడివైపు, రెండోవాడు కాస్త వెనకగా ఎడమవైపు, మూడోవాడు మళ్లీ కుడివైపు. తడి ఇసుకలో మనిషి నడిచిన అడుగుజాడలు ఎలా ఉంటాయో అలా ఉంటుంది ఆ వరుస. పక్క గీతలో ముందున్నవాడికి ఒక సెకను, తన గీతలో ముందున్నవాడికి రెండు సెకన్లు ఎడం ఉంచుతారు. ఎందుకు?

ముందు చిన్న ప్రయోగం. మీ స్నేహితుణ్ణి అడుగు స్కేలును నిలువుగా పట్టుకోమనండి. దాని అడుగున, సున్నా గుర్తు దగ్గర మీ రెండు వేళ్లూ తాకకుండా ఉంచండి. అతను చెప్పకుండా వదిలెయ్యాలి, మీరు పట్టుకోవాలి. స్కేలు సుమారు 20 సెంటీమీటర్లు జారాక దొరికితే, మీకు పట్టిన కాలం 0.2 సెకన్లు. కంటికి కనిపించడానికీ వేళ్లు కదలడానికీ మధ్య ఆ మాత్రం ఆలస్యం తప్పదు. ఇక్కడ మీరు స్కేలునే చూస్తూ సిద్ధంగా ఉన్నారు. రోడ్డుమీద అలా కాదు. ముందు బండి వెనక ఎర్రదీపం వెలగడం చూడాలి, అది దేనికో గ్రహించాలి, చెయ్యీ కాలూ బ్రేకుమీద పడాలి. సుమారు ఒక సెకను పడుతుందనుకుందాం. దీన్నే ప్రతిచర్యా కాలం అంటారు.

ఇప్పుడు లెక్క. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. బ్రేకు వేయాలని తోచి, వేసేలోగానే బండి 20 మీటర్లు పోతుందన్నమాట. ఒకడి వెనక ఒకడు పదేసి మీటర్ల ఎడంలో వస్తున్నారనుకోండి. ముందువాడికి గేదె అడ్డమొచ్చింది. అతను కంగారు పడకుండా, సెకనుకు సెకనుకు 4 మీటర్ల ఋణత్వరణంతో ఆగాడు. అతనికి పట్టిన దూరం, వేగం వర్గాన్ని ఋణత్వరణానికి రెట్టింపుతో భాగిస్తే, 400ను 8తో భాగించగా 50 మీటర్లు.

రెండోవాడికి ముందున్న 10 మీటర్లు కలిసివచ్చాయి, కాని చూసేలోగా 20 మీటర్లు పోయాయి. కనుక అతనికి మిగిలింది 40 మీటర్లే. ఆగాలంటే ఋణత్వరణం 5 కావాలి. మూడోవాడు రెండోవాడి దీపాన్ని చూస్తున్నాడు. అతనికి మిగిలేది 30 మీటర్లు, కావలసింది సుమారు 6.7. నాలుగోవాడికి 20 మీటర్లు, కావలసింది 10! పొడి తారురోడ్డుమీద టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ మంచి బండికైనా సుమారు 7 వరకే ఇస్తుంది. అంటే మొదటివాడు నింపాదిగా ఆగినా నాలుగోవాడు ఢీకొంటాడు. అతని బ్రేకులు మంచివే. అతను నిద్రపోవడం లేదు. ముందువాళ్లు ఒక్కొక్కరూ చేసిన పదేసి మీటర్ల అప్పు అతని నెత్తిన పడింది.

ఎడం 20 మీటర్లు ఉంటే? పోయిన 20కి ఉన్న 20 సరిపోతుంది. ఎంతమంది ఉన్నా అందరికీ అదే 50 మీటర్లు దక్కుతుంది. అందుకే కనీసం ఒక సెకను. కళ్లు ఒక్క క్షణం పక్కకు తిరిగినా ఫరవాలేకుండా తన గీతలో రెండు సెకన్లు. పైగా అడుగుజాడల వరుసలో ముందువాడి వీపు అడ్డు రాదు కనుక, అతని ముందున్నవాడి దీపం కూడా కనిపిస్తుంది. మలుపుల్లో మాత్రం ఒకే వరుసలోకి వస్తారు. బండి వంగి తిరగడానికి రోడ్డంతా కావాలి, ఘర్షణలో కొంత భాగం ఆ తిరగడానికే ఖర్చవుతుంది.

శరదృతువులో ఇంకో చిక్కు ఉంది. వానాకాలం పంట చేతికొచ్చి, మన వైపు రైతులు మక్కలను రోడ్డు అంచున ఆరబోస్తారు. కళ్లాలు చాలకే ఆ పని చేస్తారు, వాళ్లను తప్పుపట్టలేం. కాని టైరు కింద గింజ పడితే అది దొర్లుతుంది, సైకిలు ఇరుసులోని ఉక్కు గుండ్లలాగా. ఘర్షణ ఒక్కసారిగా పడిపోతుంది. రోడ్డు తడిగా ఉన్నా అంతే, 7 కాస్తా 4కో అంతకంటే తక్కువకో దిగుతుంది.

ఎడం చాలకపోతే ఢీకొట్టడమే జరగాలని లేదు. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల బృందం 230 మీటర్ల గుండ్రని బాటమీద 22 కార్లను ఒకే వేగంతో నడపమంది. 2008లో ఆ ఫలితాలు ప్రచురించారు. దారిలో అడ్డంకి ఏదీ లేదు. అయినా కాసేపటికి ఎవరో కొద్దిగా నెమ్మదించగా, వెనకవాడు ఇంకొంచెం, ఆ వెనకవాడు మరికొంచెం నెమ్మదించి, చివరకు కొన్ని కార్లు పూర్తిగా నిలిచిపోయాయి. కార్లు ముందుకు పోతుంటే ఆ స్తంభన అలలాగా వెనక్కి ప్రయాణించింది. పటాన్‌చెరులో కారణం కనిపించకుండా బండ్లు ఆగిపోయినప్పుడు ఈ ప్రయోగం గుర్తు చేసుకోండి.

నన్నడిగితే క్లబ్బు వాళ్లకంటే ఈ లెక్క కావలసింది, షిఫ్టు మారే వేళ కర్మాగారాల గేట్ల నుంచి లారీల మధ్యకు ఒక్కసారిగా వచ్చే కార్మికులకు. క్లబ్బుకు ముందొక నాయకుడు, చివర అనుభవజ్ఞుడు ఒకడు ఉంటారు. వీళ్లకు ఎవరూ ఉండరు. మీ ఇంట్లో అలా వెళ్లేవాళ్లుంటే, ముందు బండి కిలోమీటరు రాయిని దాటగానే “నూట ఒకటి, నూట రెండు” అని మామూలుగా లెక్కపెట్టి చూడమనండి. రెండూ పూర్తికాకముందే తాము రాయిని దాటితే ఎడం చాలనట్టే.

ఇక ఈ లెక్క మీరు చేయండి. తడిరోడ్డు. వేగం గంటకు 54 కిలోమీటర్లు, బండ్ల మధ్య 8 మీటర్లు, ప్రతిచర్యా కాలం ఒక సెకను. ముందువాడు 3 ఋణత్వరణంతో ఆగాడు. ఘర్షణ 4కు మించి ఇవ్వదు. వరుసలో ఎన్నోవాడు ఢీకొంటాడు?