లోట్ నది వెంట సైకిలు మీద

సైకిలు యాత్ర అనగానే అదంతా కుర్రకారు వ్యవహారం అనుకుంటాం కదూ! దక్షిణ ఫ్రాన్సులోని లోట్ నది లోయలో అంత భయం అక్కర్లేదమ్మా. కాకపోతే అక్కడి నేల తీరు ముందే తెలుసుకోవాలి.

సుమారు 485 కిలోమీటర్ల పొడవున్న ఈ నది మెలికలు తిరుగుతూ పోయి గరోన్ నదిలో కలుస్తుంది. ఆ సంగమం దగ్గరి ఎగ్వియోన్ నుంచి కాఓర్ పట్టణం దాకా సైకిళ్లకని గుర్తులు పెట్టిన దారి దాదాపు 160 కిలోమీటర్లు. రోజుకు 40 చొప్పున నాలుగు రోజుల ప్రయాణం. కాఓర్ చుట్టుపక్కల ద్రాక్షతోటలు, ఊళ్లో 14వ శతాబ్దంలో కట్టిన మూడు బురుజుల వంతెన చూడదగ్గవి.

నది పక్కన దారి చాలావరకు చదునే. నదిని విడిచి పైకెక్కితే మాత్రం సున్నపురాతి పీఠభూమి. అక్కడ వాననీరు రాతి పగుళ్లలోకి ఇంకిపోతుంది, వాగులు కనబడవు. అందుకని పైకి వెళ్లేరోజు పొద్దున్నే బయల్దేరండి, సీసాలు నింపుకోండి. కాఓర్ దాటాక, నదికి వంద మీటర్ల ఎత్తున కొండమీదున్న సేన్ సిర్ లపోపీ గ్రామానికీ అంతే.

పల్లెల్లో చాలా దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తారు. రొట్టె, పళ్లు ముందే కొనుక్కోవాలి. అక్కడ బండి కుడివైపున నడపాలి, మరిచిపోకండి. ఎక్కుడులో ఆయాసమొస్తే దిగి నడిపించుకుపోండి, అందులో నామోషీ ఏముంది?