బైనాక్యులర్‌కి ఎంత పెట్టొచ్చు?

ఆన్‌లైన్‌లో బైనాక్యులర్ కోసం వెతికితే ముందు ఎనిమిది వందల రూపాయలది కనిపిస్తుంది. కిందికి జరుపుతూ పోతే ఎనిమిది వేలు, పద్దెనిమిది వేలు, ఎనభై వేలు, ఆఖరికి మూడు లక్షలు. ఫోటోల్లో అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. నల్లటి రబ్బరు తొడుగు, రెండు గొట్టాలు, మధ్యలో తిప్పే చక్రం. కొల్లేటిలో గూడబాతుల్నో, నేలపట్టులో ఎర్రకాళ్ల కొంగల్నో దగ్గరగా చూద్దామని ముచ్చటపడ్డవాళ్లకి ఇక్కడే కాళ్లు ఆగిపోతాయి. చవకది కొంటే డబ్బు దండగేమో, ఖరీదుది కొంటే ఇంట్లో చివాట్లేమో!

ఈ ధరల వెనక ఉన్న లెక్క తెలియాలంటే కాసేపు పిట్టల్ని పక్కన పెట్టి వేటగాళ్ల సంగతి చూడాలి. ఖరీదైన బైనాక్యులర్లకు అమెరికాలోనూ యూరప్‌లోనూ పెద్ద గిరాకీ వాళ్లదే. స్వరోవ్‌స్కీ, జైస్, లైకా లాంటి కంపెనీలు ఎప్పటినుంచో వాళ్ల అవసరాలను దృష్టిలో పెట్టుకునే సరుకు తయారుచేస్తున్నాయి. ఆ అవసరాల్లో మొదటిది మసక వెలుతురు.

జింకలు పట్టపగలు పొదల్లో పడుకుని, తెల్లవారుజామునా మునిమాపు వేళా మేతకు బయటికొస్తాయి. అమెరికాలో చాలా రాష్ట్రాలు సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటకు అనుమతిస్తాయి. వేటగాడికి బాగా పనికొచ్చేది ఆ రెండు అరగంటలే. ఆ వేళలో జింక కనబడితే చాలదు, దాని కొమ్ములకు ఎన్ని పాయలున్నాయో లెక్క తేలాలి. పెన్సిల్వేనియాలో 2002 నుంచి కొమ్ము పాయల నిబంధన ఉంది. కొలరాడోలో చాలా ప్రాంతాల్లో పెద్ద జింక జాతికి చెందిన మగ ఎల్క్‌ని కొట్టాలంటే ఒక కొమ్ముకైనా నాలుగు పాయలుండాలి, లేదా నుదుటి దగ్గరి పాయ ఐదంగుళాలుండాలి. లెక్క తప్పితే అది నేరం. మరి తుపాకీ మీద స్కోప్ ఉందిగా, దాంతోనే చూడొచ్చుగా అనిపిస్తుంది. చూడకూడదు. స్కోప్‌లోంచి చూడడమంటే తుపాకీ గురిపెట్టడమే. పొద వెనక కదిలేది ఇంకో వేటగాడైతే? అందుకే బైనాక్యులర్‌తో పోల్చుకున్నాకే తుపాకీ ఎత్తాలన్నది అక్కడి వేటగాళ్లకు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి. జర్మనీలో మంచెలెక్కి వెన్నెల్లో అడవిపందుల కోసం కాచుకునేవాళ్లున్నారు. వాళ్ల మెడలో 8×56 లాంటి బండ బైనాక్యులర్లు వేలాడుతుంటాయి.

ఈ అంకెల సంగతి తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. 8×42లో 8 అంటే వస్తువు ఎనిమిదింతలు దగ్గరగా కనిపిస్తుందని. 42 అంటే ముందువైపు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే 5.25 వస్తుంది. బైనాక్యులర్‌ను చేయి చాపినంత దూరంలో పట్టుకుని ఆకాశం వైపు తిప్పితే కళ్లు పెట్టే చోట రెండు తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క వెడల్పు ఆ 5.25 మిల్లీమీటర్లే. వెలుతురు మన కంట్లోకి దిగేది ఆ చుక్కలోంచే. 10×42లో అది 4.2, జేబులో పట్టే 8×25లో 3 పైచిలుకు, జర్మన్ వేటగాడి 8×56లో ఏకంగా 7.

ఇక కంటి వైపు నుంచి చూద్దాం. ఎండలో మన కనుపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. చీకటిలో కుర్రవాళ్లకి ఏడు దాకా విచ్చుకుంటుంది, యాభై దాటినవాళ్లలో చాలామందికి ఐదు దగ్గరే ఆగిపోతుంది. కనుపాప కన్నా పెద్ద చుక్క వచ్చినా మిగిలిన వెలుతురు వృథాయే, నిండిన చెంబులో ఇంకా నీళ్లు పోసినట్టు. కాబట్టి అరవై ఏళ్ల పెద్దాయన 8×56 కొంటే బరువు పూర్తిగా మోస్తాడు, వెలుతురు మాత్రం పూర్తిగా అందుకోలేడు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల ఇప్పుడు వేట ముచ్చట లేదు. బైనాక్యులర్ కొనేవాళ్లు పిట్టల్ని చూసేవాళ్లో, అడవిలో సఫారీకి వెళ్లేవాళ్లో, క్రికెట్ మైదానంలో వెనక వరసల్లో కూర్చునేవాళ్లో. పిట్టలు చూసేవాళ్లు ఎక్కువగా వెళ్లేది చెరువుల దగ్గరికే. కైకలూరు పక్కన ఆటపాక, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, టెక్కలి దగ్గర తేలినీలాపురం, హైదరాబాద్ శివార్లలో అమీన్‌పూర్. ఉదయం ఏడు నుంచి పది దాకా, మళ్లీ నాలుగు నుంచి పొద్దు వాలేదాకా చూస్తారు. ఆ వేళల్లో వెలుతురుకు కరువు లేదు. నీళ్ల మీద పడి తిరిగొచ్చే ఎండతో ఎక్కువైనా అవుతుంది. లక్షలు పోసి కొనే మసక వెలుతురు చూపు అక్కడ మెడలో ఊరికే వేలాడుతుంది.

అలాగని చవకదీ ఖరీదుదీ పట్టపగలు సమానమేనా? కాదు. అసలు తేడా అద్దం పూతలో ఉంది. పూత లేని గాజు మీద వెలుతురు పడితే ప్రతి ఉపరితలం దగ్గరా నాలుగు శాతం వెనక్కి పోతుంది. ఒక గొట్టంలో గాలికి ఎదురయ్యే గాజు ఉపరితలాలు పదికి తక్కువుండవు. పదిసార్లు నాలుగేసి శాతం పోతే మూడోవంతు వెలుతురు దారిలోనే ఖర్చవుతుంది. ఆ పోయిన వెలుతురు ఊరుకుంటుందా? గొట్టంలో అటూ ఇటూ కొట్టుకుని బొమ్మ మీద తెల్లటి మసక తెర పరుస్తుంది. 1935లో జైస్‌లో పనిచేసిన అలెగ్జాండర్ స్మాకులా గాజు మీద పల్చటి పూత పూసి ఈ నష్టాన్ని తగ్గించే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు పొరల మీద పొరలుగా పూస్తున్నారు. నష్టం ఒక్కో ఉపరితలం దగ్గర అరశాతానికి దిగితే పది దాటినా తొంభై ఐదు శాతం వెలుతురు మిగులుతుంది. డబ్బా మీద ‘ఫుల్లీ మల్టీకోటెడ్’ అని ఉందో లేదో చూడమనేది అందుకే. ఉత్త ‘కోటెడ్’ అంటే ఏదో ఒక అద్దానికి ఏదో ఒక పూత ఉందని మాత్రమే. ఎర్రగా కెంపుల్లా మెరిసే అద్దాలు చూసి మురిసిపోవద్దు. అవి ఎర్రటి వెలుతురును బయటికి తన్నేస్తున్నాయి, మీకు మిగిలేది ఆకుపచ్చ రంగు పట్టిన దృశ్యం.

పూతల దగ్గర సంతోషించాల్సిన విషయం ఒకటుంది. నిటారు గొట్టాలుండే రూఫ్ ప్రిజం బైనాక్యులర్లలో వెలుతురు రెండు పాయలుగా చీలి కలిసేటప్పుడు బొమ్మ పదును కొంత పోతుంది. దాన్ని సరిచేసే ఫేజ్ పూతను జైస్ 1988లో తెచ్చింది. అప్పట్లో అది శ్రీమంతుల వైభోగం. ఇప్పుడు పన్నెండు, పదిహేను వేల సరుకులోనూ దొరుకుతోంది. ముప్పయ్యేళ్ల కిందట పెద్ద కంపెనీలకే పరిమితమైన పనితనం ఇవాళ మధ్యతరగతి జేబుకు అందుతోంది.

ఇంకా తక్కువలో కావాలంటే పాతకాలపు వంకర గొట్టాల పోర్రో ప్రిజం రకం తీసుకోవాలి. వాటికి ఫేజ్ పూత గానీ, ప్రిజం మీద వెలుతురును అద్దంలా తిప్పికొట్టే పూత గానీ అక్కర్లేదు. ఆ ఖర్చు మిగులుతుంది కాబట్టి ఏడెనిమిది వేల పోర్రో అదే ధర రూఫ్ ప్రిజాన్ని తేలిగ్గా ఓడిస్తుంది. సినిమాల్లో సైనికాధికారి మెడలో కనిపించే ఆకారం కాబట్టి మోజు తగ్గిందేమో గానీ బొమ్మ మాత్రం బంగారం.

కానీ పోర్రోల్లో చవకవాటికి లోపలికి తేమ పోతుంది, ముఖ్యంగా మన కోస్తాలో. సముద్రం గాలి, వర్షాకాలం, బీరువాలో తోలు సంచి... గాజు మీద బూజు సాలెగూడులా అల్లుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఉండేవాళ్లకి నేనైతే నాలుగు వేలు ఎక్కువైనా లోపల నైట్రోజన్ నింపి సీలు వేసిన వాటర్‌ప్రూఫ్ రకమే చెబుతాను. అనంతపురంలో, మహబూబ్‌నగర్‌లో ఉండేవాళ్లు ఆ నాలుగు వేలు మిగుల్చుకోవచ్చు. ఎక్కడున్నా తోలు సంచి వదిలేసి, మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోవడం మంచిది.

ఎన్నింతలు అనే దగ్గర మోసం ఎక్కువ. ‘50×50’, ‘రాత్రిపూట కూడా స్పష్టం’ అని అమ్మేవాటి వైపు చూడనే వద్దు. నిజంగా యాభై ఇంతలు పెద్దదిగా చూపేదైతే చేతి వణుకూ యాభై ఇంతలవుతుంది. చేత్తో పట్టుకుని చూడడానికి ఎనిమిది సుఖం, పది హద్దు. అమెరికా పడమటి కొండల్లో వేటగాళ్లు పన్నెండు, పదిహేను ఇంతలవి వాడే మాట నిజమే గానీ వాళ్లు వాటిని ట్రైపాడ్ మీద బిగించి కూర్చుంటారు. పదింతలది కొంటే దృశ్యం వెడల్పు కూడా తగ్గుతుంది. కిలోమీటరు దూరంలో 8×42 సుమారు 130 మీటర్ల మేర చూపిస్తే, 10×42 చూపించేది 110 మీటర్లకు అటూ ఇటూ. కొమ్మల్లో ఎగిరే పిట్ట వెనక పరిగెత్తాలంటే ఆ వెడల్పు కావాలి. పులికాట్ బురదలో దూరంగా మేసే ఉల్లంకి పిట్టల్ని పోల్చుకోవాలంటే మాత్రం పది నయం. కళ్లజోడు ఉన్నవాళ్లు ఐ రిలీఫ్ (కంటికీ వెనక అద్దానికీ మధ్య ఉండగల దూరం) అనే అంకె 16 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి, లేకపోతే దృశ్యం అంచులు కనపడవు.

ఇక డబ్బు మాట. ఇవి ఇప్పటి బజారు ధరలు, అటూ ఇటూ అవుతాయి. మూడు వేలకు లోపు దొరికేవి పిల్లల పుట్టినరోజు కానుకలు. ఏడు నుంచి పది వేలలో మంచి పోర్రో వస్తుంది. పన్నెండు నుంచి ఇరవై వేల మధ్య నీళ్లకు తట్టుకునే, ఫేజ్ పూత ఉన్న 8×42 రూఫ్ ప్రిజం వస్తుంది. కొత్తగా పిట్టలు చూడ్డం మొదలుపెట్టేవాళ్లు ఆగాల్సింది ఇక్కడే అని నా అభిప్రాయం. ఇంకా పెట్టగలిగినా సరే. మిగిలిన డబ్బుతో ఒక పిట్టల పుస్తకం, పులికాట్‌కో రోళ్లపాడుకో ప్రయాణం.

పాతిక వేల నుంచి యాభై వేల దాకా పోతే ఈడీ గాజు వస్తుంది. నీలాకాశం ముందు తెల్లకొంగ రెక్క అంచున ఊదారంగు గీత కనిపిస్తుందే, అది తగ్గుతుంది. ఎండకు ఎదురుగా చూసినప్పుడు తెల్లటి మసక కూడా తక్కువ. చెరువు గట్టు మీద నిలబడి చూసేవాళ్లకి ఈ రెండూ పనికొచ్చే లాభాలే. ప్రతి ఆదివారం వెళ్లేవాళ్లు ఈ మెట్టు ఎక్కొచ్చు. ఆ పైన ధర అయిదారు రెట్లు పెరిగేసరికి బొమ్మ మెరుగయ్యేది చివరి కాస్త మాత్రమే. ఆ కాస్త దొరికేదీ పొద్దుగూకిన తర్వాతి పావుగంటలో, లేదంటే గంటల తరబడి కళ్లకు ఆనించి కూర్చున్నప్పుడు. కొండ మీద కూర్చుని పొద్దస్తమానం లోయ గాలించే వేటగాడికి అది అక్షరాలా తిండి పెట్టే తేడా. తుపాకీ కన్నా అద్దానికే ఎక్కువ పెట్టమనే మాట వాళ్లలో ఊరికే పుట్టలేదు. మన దగ్గర ఆ వాడకం ఎవరికుంది? నల్లమలలో రోజంతా తిరిగే పరిశోధకులకు, గైడ్లకు.

ఎంత పెట్టినా తీరని ఆశలు కూడా ఉన్నాయి. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా పొదల్లో మళ్లీ కనిపించింది. అది రాత్రి పిట్ట. దాన్ని వెతికినవాళ్లు నమ్ముకున్నది టార్చిలైట్లను, కెమెరా ట్రాప్‌లను. మూడు లక్షల బైనాక్యులర్ ఉన్నా అక్కడ టార్చి కావాల్సిందే.

కొనే ముందు చేతిలోకి తీసుకుని చూసే వీలుంటే వదలొద్దు. దూరంగా ఉన్న కరెంటు తీగను అయిదు నిమిషాలు చూడండి. తీగ రెండుగా కనిపించినా, కనుబొమల మధ్య లాగినట్టున్నా రెండు గొట్టాలూ ఒకే దిక్కు చూడడం లేదన్నమాట. చవక సరుకులో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే, తలనొప్పి తెప్పించేదీ ఇదే. ఎండలో మెరిసే రేకుల షెడ్డు వైపు తిప్పి ఊదా అంచులు ఎంతున్నాయో గమనించండి. అమెరికాలోని అల్లుడి చేతో చెల్లెలి చేతో తెప్పించుకుంటే అక్కడి ధర తక్కువగానే ఉంటుంది. కాకపోతే వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోమనాలి. కింద పడి గొట్టం వంకరపోతే రిపేరుకి మళ్లీ సముద్రం దాటించాల్సి రావచ్చు. పాతది కొంటున్నారా? ముందు అద్దాల వైపు నుంచి టార్చి వేసి లోపలికి చూడండి. సన్నటి దారాల్లా బూజు కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దు. విప్పి, తుడిచి, రెండు గొట్టాలనూ మళ్లీ ఒకే గీతలో నిలబెట్టగలిగేవాళ్లు మన ఊళ్లలో అరుదు.