గీత దాటితే కదలాలి

ఒక్కటే కాగితం. పైన తల్లి పేరు, వయసు, ఎన్నో కాన్పు. కిందంతా గడులు. బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో అరగంటకోసారి చుక్క పెట్టాలి. పది నిమిషాల్లో నొప్పులెన్ని వచ్చాయో గడి నింపాలి. గర్భాశయ ద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో నాలుగు గంటలకోసారి చూసి గుర్తు వేయాలి. ప్రసవ గదిలో దీని పేరు పార్టోగ్రాఫ్. కాన్పు చేసే మనిషి పనితనం ఏ సర్టిఫికెట్టులోకన్నా ఇందులోనే బాగా కనబడుతుంది.

ఆ గడుల మీదుగా ఒక ఏటవాలు గీత పోతుంది. గంటకో సెంటీమీటరు లెక్కన ఎక్కే అలర్ట్ లైన్ అది. చుక్కలు దానికి ఎడమవైపునే ఉంటే కాన్పు సజావుగా సాగుతున్నట్టే. కుడివైపుకు దాటాయా, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు చూడాలి. నాలుగు గంటల అవతల యాక్షన్ లైన్. 1972లో ఫిల్‌పాట్, కాజిల్ అనే వైద్యులు నేటి జింబాబ్వేలో ఈ రెండు గీతలూ గీసింది డాక్టరు లేనిచోట మిడ్‌వైఫ్ కోసమే. మధ్యలోని ఆ నాలుగు గంటలూ దారికి వదిలిన వ్యవధి.

కోనసీమలోని ఆత్రేయపురం మండలంలో దారి అంటే గోదావరిని కూడా లెక్కేసుకోవాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది; కోనసీమ లంకల్లో చాలా ఊళ్లకు పడవలే దిక్కయ్యాయి. అలాంటప్పుడు నాలుగు గంటలు ఏ మూలకు? నెలలు నిండినవాళ్లెవరో ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త, అంటే ఏఎన్ఎం, చేతిలో జాబితా ఉండాలి, నీళ్లు రాకముందే వాళ్లను ఆసుపత్రికి చేర్చాలి. ఏ గడిలోనూ కనబడని ఈ ముందుచూపు కూడా వృత్తి నైపుణ్యమే.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త కాగితం తెచ్చింది. లెక్క అయిదు సెంటీమీటర్ల నుంచి మొదలవుతుంది, ఏటవాలు గీతలు లేవు. తల్లి పక్కన తోడు ఉన్నారా, తాగడానికి ఏమైనా ఇచ్చారా, ఏ భంగిమలో ఉంది అన్నవీ రాయాలి. తల్లి దప్పిక కూడా రికార్డుకెక్కింది! పాత మంత్రసానులు అడక్కుండానే చూసుకున్న సంగతులివి.

ఈ వృత్తి చరిత్ర క్లుప్తంగా: 1885లో మహిళల వైద్యం కోసం డఫ్రిన్ ఫండ్, 1926లో మద్రాసు నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం, 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం, 2023లో దాని స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం.

చట్టాలు మారినా మెట్లు మారలేదు. ఏఎన్ఎంకు ప్రమోషన్ వస్తే సూపర్‌వైజరు. స్టాఫ్ నర్సుకు వస్తే హెడ్ నర్సు. మెట్టు ఎక్కేకొద్దీ రిజిస్టర్లు దగ్గరవుతాయి, ప్రసవ గది దూరమవుతుంది. చేయి తిరిగినవాళ్లను కాన్పుల నుంచి తప్పించే ఈ పద్ధతి మారి తీరాలి. మామూలు కాన్పులు చేయగల చేతుల అవసరం ఎంతో ఈ లెక్కే చెబుతుంది: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే.

ప్రసవ గదిలోనే ఎదిగే దారి

2017లో తెలంగాణ ప్రభుత్వం యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చి, ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ హోదా పెట్టింది. దీనికి జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) డిప్లొమా గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ ఉండాలి. రెండేళ్ల కోర్సు చదివిన ఏఎన్ఎం ఎన్ని కాన్పులు చేసినా, ముందు జీఎన్ఎం పూర్తి చేయాల్సిందే.