కార్డులోని నిమిషములు ఎక్కడికి పోయెను?

దూరదేశమునకు వెళ్ళిన కుమారుడు టెలిఫోనులో రెండు మాటలాడి, ‘ఉంటాను నాన్నా’ అనకముందే గొంతు ఆగిపోయిన సంగతి మన గ్రామములలో పెద్దలు పలువురెరుగుదురు. 1990 తరువాతి దశాబ్దమున అమెరికాకు వెళ్ళిన మనవారు దుకాణములో 5 డాలర్లకో 10 డాలర్లకో కార్డు కొని, వీధిలోని బహిరంగ టెలిఫోను నుండి ఊరి యస్.టి.డి. బూతుతో మాట్లాడెడివారు. కార్డుపై అచ్చువేసిన నిమిషములన్నియు లభించెడివి కావు. కారణమును వివరింతుము.

ముందుగా కార్డు వెనుకనున్న ఉచిత సంఖ్యను నొక్కవలెను. పిమ్మట పూత గోకిన కనబడు రహస్య సంఖ్య; అటుపైన 011, భారతదేశమునకు 91, మొదటి సున్న విడిచి ఊరి కోడు, తుదకు బూతు సంఖ్య. అంతయు కలిసి 30 అంకెలకు మించును. చలిలో చేతి తొడుగు తీసి నొక్కుచుండగా ఒక్క అంకె తప్పినను మరల మొదటికి రావలసినదే.

ఆ ఉచిత సంఖ్యయందే చిక్కున్నది. పెట్టెలో నాణెము పడదు గనుక టెలిఫోను యజమానికి రాబడి లేదు. 1996లో అమెరికా చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టము, పూర్తియైన ప్రతి పిలుపునకును అతనికి ప్రతిఫలము ముట్టవలెననెను. అది 1999లో 24 సెంట్లు, 2004లో 49.4 సెంట్లు. ఇంతవరకు న్యాయమే. కాని కార్డు సంస్థలు ఈ భారమును కార్డుదారునిపై మోపెను. కొన్ని అంతకంటె హెచ్చుగనే తీసికొనెను. కలిపినందుకు రుసుము, వాడకున్నను వారము వారము కోత, ఇవన్నియు కంటికానని చిన్న అక్షరములలో ఉండెడివి.

మన ఊరి పద్ధతి వలన నష్టము మరింత పెరిగెను. బూతువారు రిసీవరు ఎత్తినంతనే పిలుపు పూర్తియైనట్లు లెక్క. కుర్రవాడు పరుగున పోయి తల్లిని తోడితెచ్చులోపల నిమిషములు కరిగెడివి. పిలిపించమని చెప్పి పెట్టివేసి మరల చేసినచో, బహిరంగ టెలిఫోను రుసుము రెండవమారు పడెడిది. అందుచే తెలిసినవారు దినమును, గంటను ముందే ఉత్తరమున వ్రాసెడివారు. న్యూయార్కులో శనివారము రాత్రి 8 గంటలైనచో మనకు ఆదివారము ఉదయము శీతకాలమున 6.30, వేసవిలో 5.30. ఈ గంట తేడా మరచినందున బూతు వద్ద ఊరక కూర్చుండి వెనుదిరిగిన తల్లులును కలరు.

2008లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కొన్ని కార్డు సంస్థలపై న్యాయస్థానమున కెక్కెను. తాము పరీక్షించిన కార్డులలో, చెప్పిన నిమిషములలో సుమారు సగమే లభించెనని తెలిపెను. అప్పటికి మన గ్రామములకు సెల్‌ఫోను వచ్చియుండెను. బూతులు ఒక్కొక్కటిగా మూతపడుచుండెను.